ఫ్యూజు నిలవని ట్యూబ్ గిటార్ యాంప్: రిపేరు డైరీ

యాంప్ సంగతి ముందు. 15 వాట్లది. ఔట్‌పుట్‌లో రెండు ఈఎల్84 ట్యూబులు (ట్రాన్సిస్టర్ల బదులు వాడే గాజు వాక్యూమ్ వాల్వులు), వాటి ముందు మూడు ఈసీసీ83లు (వీటినే 12ఏఎక్స్7 అని కూడా అంటారు), డయోడ్ బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చేది), కాథోడ్ బయాస్ (ట్యూబుల కరెంటును కాథోడ్ దగ్గరి రెసిస్టరే అదుపులో ఉంచే పద్ధతి), 8 ఓమ్‌ల స్పీకర్. నా బల్ల మీదికి వచ్చేసరికి స్విచ్ వేయగానే ఫ్యూజు పోతోంది. అంతకుముందు కొంతకాలం హమ్ (ఆగకుండా వచ్చే గుర్రుమనే మోత) ఉండేదని, చిటపట వచ్చేదని, ఒక్కోసారి సౌండు ఉన్నట్టుండి సగానికి పడిపోయేదని వాడినవాళ్లు చెప్పారు. ఇలాంటి సర్క్యూటు చాలా చిన్న యాంపుల్లో ఉంటుంది కాబట్టి కొలతలన్నీ రాసి పెడుతున్నాను. మీ దానిలో అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. వెతికే వరస మాత్రం ఇదే.

దశ 0: చెయ్యి పెట్టే ముందు

ట్యూబ్ యాంపులో ప్లగ్గు పీకేశాక కూడా కరెంటు ఉంటుంది. 47 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 350 వోల్టుల దగ్గర దాదాపు 3 జౌళ్ల శక్తి పట్టుకుని కూర్చుంటుంది. అందుకే ప్రతిసారీ ఇదే వరస:

1. ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపితే చాలదు.
2. మీటర్ నల్ల వైరును క్లిప్పుతో చాసిస్‌కు (యాంప్ లోహపు పెట్టెకు) తగిలించి వదిలేయాలి. ఇక ఒక చెయ్యి ఖాళీ. దాన్ని జేబులో పెట్టుకోండి.
3. 10 కిలో ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌ను మెయిన్ కెపాసిటర్ ప్లస్‌కు, చాసిస్‌కు మధ్య పెట్టి అర నిమిషం ఉంచాలి.
4. డీసీ వోల్టేజీ చూడాలి. 5 వోల్టుల లోపుకు వస్తేనే పని మొదలు.
5. కాసేపు ఆగి మళ్లీ చూడాలి. పెద్ద కెపాసిటర్లు ఖాళీ అయ్యాక కూడా సొంతంగా కొన్ని వోల్టులు కూడగట్టుకుంటాయి.

లెక్క ప్రకారం 10 కిలో ఓమ్‌లు, 47 మైక్రోఫారడ్లు అంటే మూడు సెకన్లలో ఖాళీ అవ్వాలి. కానీ లోపలి కెపాసిటర్లు పెద్ద రెసిస్టర్ల వెనక ఉంటాయి, అవి నింపాదిగా దిగుతాయి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ఠప్‌మనిపించే పద్ధతి వద్దు. దానితో కెపాసిటర్‌కూ దెబ్బే, కంటికీ ప్రమాదమే.

పనిముట్లు: మల్టీమీటర్ (1000 వోల్టుల రేంజి, దానికి తగిన ప్రోబులు), 60 వాట్ల పాతకాలం బల్బుతో సిరీస్ బోర్డు (యాంపుకు వెళ్లే కరెంటు బల్బు గుండా పోయేలా కట్టినది), 8 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టర్ హీట్‌సింక్ మీద బిగించి, సోల్డరింగ్ ఐరన్, డీసోల్డరింగ్ పంపు, ఒక చెక్క పుల్ల. ఆసిలోస్కోప్ ఆఖర్లో పవర్ చూడ్డానికే వాడాను. అది లేకపోయినా ఈ రిపేరు అవుతుంది.

దశ 1: ఫ్యూజు

వెనక పలక మీద 1 యాంపియర్, స్లో బ్లో అని ముద్రించి ఉంది, అంటే క్షణకాలం ఎక్కువ కరెంటును ఓర్చుకునే రకం. హోల్డర్‌లో ఉన్నది 5 యాంపియర్లది. అంతకుముందు ఎవరో పెట్టారన్నమాట. దాని గాజు లోపలంతా వెండి పూత పూసినట్టు మెరుస్తోంది. తీగ మధ్యలో మెల్లగా కరిగితే కాస్త ఓవర్‌లోడ్ అనుకోవచ్చు. ఇలా ఆవిరై గాజుకు అంటుకుందంటే గట్టి షార్టే.

సరైన ఫ్యూజు వేసి సిరీస్ బల్బు ద్వారా కరెంటు ఇచ్చాను. 60 వాట్ల బల్బు తీగ చల్లగా ఉన్నప్పుడు 60, 70 ఓమ్‌లే ఉంటుంది. ఎర్రబడ్డాక 230 వోల్టుల దగ్గర దాదాపు 880 ఓమ్‌లు. అంటే యాంపులో షార్ట్ ఉంటే బల్బు వెలిగి కరెంటును తనే పట్టి ఆపుతుంది, ఫ్యూజులు తగలబెట్టుకునే పని తప్పుతుంది.

1. అన్నీ ఉన్నప్పుడు: బల్బు పూర్తిగా వెలిగింది.
2. ట్యూబులన్నీ తీసి: అదే వెలుగు. షార్ట్ ట్యూబుల్లో లేదు.
3. ట్రాన్స్‌ఫార్మర్ హైవోల్టేజ్ వైర్లు రెండూ బ్రిడ్జి దగ్గర విప్పి: ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉంది.

మూడోది చూశాక టెన్షన్ సగం తగ్గింది. ట్రాన్స్‌ఫార్మర్ పోయి ఉంటే ఈ డైరీ ఇక్కడితో అయిపోయేది. విప్పిన వైర్ల మధ్య 250 వోల్టుల ఏసీ, హీటర్ (ట్యూబులను లోపలి నుంచి వేడిచేసే తీగ) వైర్ల మధ్య 6.9 వోల్టులు. ట్యూబులు పెట్టాక అది 6.3కి దిగాలి.

బ్రిడ్జిలో నాలుగు 1ఎన్4007 డయోడ్లు. డయోడ్ రేంజిలో మూడు 0.56 దగ్గర చూపాయి. ఒకటి రెండు వైపులా 0.00. నాలుగూ మార్చాను. చౌక వస్తువు, పైగా షార్ట్ జరిగినప్పుడు మిగతావాటి మీదా అదే దెబ్బ పడింది.

మళ్లీ బల్బుతో వేస్తే పూర్తిగా కాదు గానీ సగం వెలుగు. డయోడ్ దానంతటదే చచ్చిపోలేదు, దాన్ని ఇంకేదో చంపింది. బ్రిడ్జి తర్వాత మొదటిది 47 మైక్రోఫారడ్ల, 450 వోల్టుల కెపాసిటర్. విప్పి మీటర్ మీద పెడితే 21 మైక్రోఫారడ్లు. వోల్టేజీ ఇస్తే లీకేజీ ఎంతో చూద్దామని 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా 100 వోల్టులు మాత్రమే ఇచ్చాను. రెసిస్టర్ మీదే 60 వోల్టుల దాకా నిలిచిపోయింది, అంటే 6 మిల్లీయాంపియర్లు. మంచి కెపాసిటర్ అయితే ఆ రెసిస్టర్ మీద కాసేపటికి ఒక వోల్టు కూడా మిగలదు.

కొత్తది వేశాక బల్బు ఒక్కసారి మెరిసి ఆరింది. బల్బు తీసి నేరుగా కరెంటు ఇచ్చాను. ట్యూబుల్లేకుండా 352 వోల్టుల డీసీ. 250 ఏసీని 1.414తో గుణిస్తే దాదాపు ఇదే వస్తుంది.

ఇప్పటికి మార్చినవి: డయోడ్లు 4, కెపాసిటర్ 1. మొత్తం 5. ఫ్యూజు లెక్కలోకి తీసుకోలేదు.

దశ 2: కెపాసిటర్‌ను చంపింది ఎవరు

ఇక్కడ ఆపేసి ట్యూబులు పెట్టి వాయించవచ్చు. చాలామంది అదే చేస్తారు. నెల తిరక్కుండా అదే యాంప్ మళ్లీ బల్ల మీదికి వస్తుంది.

పాడైన కెపాసిటర్‌ను తిప్పి చూస్తే ప్లాస్టిక్ తొడుగు ఒక పక్క మాత్రమే ముడుచుకుపోయి ఉంది. ఆ పక్కనే, వేలెడు దూరంలో, ఈఎల్84ల కాథోడ్ రెసిస్టర్. తెల్ల సిరామిక్ రకం, 5 వాట్లది. దాని కింద బోర్డు గోధుమ రంగుకు మాడింది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని అంచనా వేస్తారు. పక్కన ఇలా కాలే రెసిస్టర్ ఉంటే ఇక చెప్పేదేముంది.

ఆ రెసిస్టర్ 130 ఓమ్‌లు ఉండాలి. 196 చూపింది. మామూలుగా దాని మీద ఒక వాట్ వేడే పుడుతుంది, దానికి 5 వాట్ల రెసిస్టర్ బోర్డును మాడ్చదు. అంటే ఔట్‌పుట్ ట్యూబులు చాలాకాలంగా ఎక్కువ కరెంటు లాగాయి.

ఎందుకు లాగాయో తెలియాలంటే గ్రిడ్డు వోల్టేజీ చూడాలి. ఈఎల్84 సాకెట్లో 2వ పిన్ గ్రిడ్డు (కరెంటును అదుపు చేసేది), 3 కాథోడ్ (ఎలక్ట్రాన్లు వెలువడే చోటు), 7 ప్లేటు (అవి చేరే చోటు), 9 స్క్రీన్ (రెండో గ్రిడ్డు). ఈఎల్84లు రెండూ బయటే ఉంచి, ఈసీసీ83లు మాత్రం పెట్టి కొలిచాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. ట్యూబ్ సాకెట్లో ఉంటే, లోపల గ్యాస్ చేరిన ట్యూబ్ కూడా గ్రిడ్డును పాజిటివ్ చేస్తుంది. అప్పుడు దొంగ ట్యూబా కెపాసిటరా తేలదు.

- మొదటి సాకెట్ 2వ పిన్: 0.0 వోల్టులు
- రెండో సాకెట్ 2వ పిన్: ప్లస్ 7.4 వోల్టులు

దొంగ దొరికాడు. ఫేజ్ ఇన్వర్టర్ (సిగ్నల్‌ను రెండు ఎదురెదురు సిగ్నళ్లుగా చేసే ట్యూబ్) ప్లేటు నుంచి గ్రిడ్డుకు వచ్చే 22 నానోఫారడ్ల కప్లింగ్ కెపాసిటర్ (సిగ్నల్‌ను పంపి డీసీని ఆపాల్సినది) డీసీని లీక్ చేస్తోంది. గ్రిడ్డు రెసిస్టర్ 220 కిలో ఓమ్‌లు కాబట్టి 7.4 వోల్టులంటే దాదాపు 34 మైక్రోయాంపియర్లు. అవతలి వైపు 215 వోల్టులు ఉన్నాయి. లెక్కేస్తే ఆ కెపాసిటర్ 6 మెగా ఓమ్‌ల రెసిస్టర్‌లా పనిచేస్తోంది. విప్పి కెపాసిటెన్స్ కొలిస్తే 21.7 నానోఫారడ్లు, చూడ్డానికి నిక్షేపంగా ఉంది. మీటర్ ఓమ్‌ల రేంజిలో కూడా ఓపెన్ అనే చూపింది. మీటర్ ఇచ్చే ఒకటి రెండు వోల్టులకు ఈ లీకేజీ బయటపడదు. రెండొందల వోల్టులు పడితేనే బయటపడుతుంది.

34 మైక్రోయాంపియర్లు చిన్న అంకెలా ఉంటుంది గానీ, గ్రిడ్డు 7 వోల్టులు పైకి లేస్తే ఆ ట్యూబుకు ఉన్న బయాస్‌లో సగానికి పైగా పోయినట్టే. ప్లేటు ఎర్రగా కాగుతుంది. ఆ కరెంటు కాథోడ్ రెసిస్టర్‌ను కాల్చింది, ఆ వేడి పక్కన ఉన్న కెపాసిటర్‌ను వండేసింది, ఆ కెపాసిటర్ డయోడ్‌ను తీసుకుపోయింది. ఫ్యూజు చివరాఖరున పోయింది. రిపేరు మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది.

ట్యూబులు మార్చి చూద్దాం అనే సలహా నాకు ఒంటికి పడదు, కారణం ఇదే. ఈ యాంపులో ముందే కొత్త జత పెట్టి ఉంటే రెండోది అదే సాయంత్రం ఎర్రబడేది.

చేసిన పని:

1. రెండు వైపులా కప్లింగ్ కెపాసిటర్లు మార్చాను. 22 నానోఫారడ్లు, 630 వోల్టుల ఫిల్మ్ రకం. పాతవి 400 వోల్టులవి.
2. కాథోడ్ రెసిస్టర్ కొత్తది, 130 ఓమ్‌లు. బోర్డుకు 5 మిల్లీమీటర్లు ఎత్తులో నిలబెట్టాను, కాళ్లు వంచి కెపాసిటర్‌కు దూరంగా.
3. దానికి సమాంతరంగా ఉన్న 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పై మూత ఉబ్బింది. అదీ కొత్తది.

మళ్లీ కొలిస్తే రెండు గ్రిడ్డులూ 0.0. రెండు 9వ పిన్నులూ 349. బాగుందనిపించింది. ఈ 349 సంగతి కింద వస్తుంది.

ఇప్పటికి మొత్తం: 9.

దశ 3: హమ్

కొత్త ఈఎల్84 జత పెట్టి, స్పీకర్ బదులు 8 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించాను. ట్యూబ్ యాంపును లోడ్ లేకుండా ఎప్పుడూ నడపకూడదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ పెచ్చరిల్లి ట్యూబ్ సాకెట్లోనో వైండింగ్‌లోనో నిప్పు ఎగురుతుంది.

ఫ్యూజు నిలిచింది. వాల్యూమ్ సున్నాలో ఉంచి రెసిస్టర్ మీద ఏసీ కొలిస్తే 160 మిల్లీవోల్టులు. స్పీకర్ పెట్టి వింటే గదంతా వినిపించే గుర్రు.

హమ్ 50 హెర్ట్జ్‌దా 100 హెర్ట్జ్‌దా అనేది ముందు తేల్చుకోవాలి. చేతిలో గిటార్ ఉంటే మీటర్ అక్కర్లేదు. గిటార్‌లో అన్నిటికంటే లావైన తీగ (E తీగ) మూడో ఫ్రెట్ దగ్గర జీ (G) స్వరం, 98 హెర్ట్జ్. హమ్ దానికి ఒక్క పిసరు పైన ఉంటే 100 హెర్ట్జ్, అంటే పవర్ సప్లైలో మిగిలిన రిపిల్ (డీసీ మీద మిగిలిపోయిన ఏసీ అల). దానికి ఒక ఆక్టేవ్ కింద మెత్తగా ఉంటే 50 హెర్ట్జ్, అంటే హీటర్ వైరింగో ఎర్త్ లూపో. ఇక్కడ వినిపించింది జీ కంటే కాస్త పైన, కొంచెం గరుకుగా. 100.

రిపిల్ కొలతలు, మీటర్ ఏసీ రేంజిలో:

- మొదటి కెపాసిటర్ మీద 4.4 వోల్టులు. ఇది మామూలే.
- 1 కిలో ఓమ్ రెసిస్టర్ తర్వాత, స్క్రీన్ సప్లై మీద 2.1 వోల్టులు. ఇది ఎక్కువ.

అక్కడ 22 మైక్రోఫారడ్లు ఉంటే 100 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు 72 ఓమ్‌లు. 4.4 వోల్టులు 0.3కి తగ్గిపోవాలి. విప్పి కొలిస్తే 3 మైక్రోఫారడ్లే మిగిలింది, ఎండిపోయింది. కొత్తది పెట్టాక 0.32. హమ్ 70 మిల్లీవోల్టులకు దిగింది.

లెక్క ప్రకారం ఇంకా చాలా దిగాలి. ఇలా రెండు ఔట్‌పుట్ ట్యూబులు ఎదురెదురుగా పనిచేసే పుష్‌పుల్ యాంపులో ప్లేట్ల మీది రిపిల్ రెండు వైపులా సమానంగా వచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. రెండు ట్యూబులూ సమానంగా లాగుతుంటేనే అది జరుగుతుంది. 9వ పిన్నులు మళ్లీ చూశాను, ఈసారి ట్యూబులు వేడెక్కి పనిచేస్తుండగా. ఒకటి 314, రెండోది 208.

ముందు రెండూ 349 చూపాయి కదా. అప్పుడు ట్యూబుల్లేవు, కరెంటు పారడం లేదు. కరెంటు లేకపోతే రెసిస్టర్ ఎంత పెరిగిపోయినా దాని మీద వోల్టేజీ పడదు, మీటర్ నిండు వోల్టేజీనే చూపిస్తుంది. ఆ రెండో స్క్రీన్ రెసిస్టర్ విప్పి కొలిస్తే 1 కిలో ఓమ్ ఉండాల్సింది 68 కిలో ఓమ్‌లు. పైకి ఏ మరకా లేదు, రంగు పట్టీలు కూడా చక్కగా ఉన్నాయి. సౌండు సగానికి పడిపోవడంలో దీని పాత్ర కూడా ఉండి ఉంటుంది. రెండు వైపులా 1 కిలో ఓమ్, 2 వాట్లవి వేశాను. హమ్ 11 మిల్లీవోల్టులు.

మిగిలిన 11 మాత్రం వింటే మెత్తగా, కింది ఆక్టేవ్‌లో ఉంది. హీటర్ వైర్లను ఎర్త్‌తో సమం చేయడానికి రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. ఒకటి కాలి తెగిపోయింది. రెండూ మార్చాను.

హమ్ లెక్క: 160, 70, 11, ఆఖరికి 3 మిల్లీవోల్టులు.

ఇప్పటికి మొత్తం: కెపాసిటర్ 1, స్క్రీన్ రెసిస్టర్లు 2, హీటర్ రెసిస్టర్లు 2, ట్యూబులు 2 కలిపి 16.

దశ 4: బయాస్

ఈ కొలతలు సిరీస్ బల్బు తీసేశాకే తీసుకోవాలి. బల్బు ఉంటే యాంపుకు అందే వోల్టేజీ తక్కువ, అంకెలన్నీ అబద్ధాలే.

- ప్లేటు 324, కాథోడ్ 11.2 వోల్టులు
- 11.2ను 130తో భాగిస్తే 86 మిల్లీయాంపియర్లు, ఒక్కో ట్యూబుకు 43
- 1 కిలో ఓమ్ స్క్రీన్ రెసిస్టర్ మీద 4.2 వోల్టులు, అంటే స్క్రీన్ కరెంటు 4.2 మిల్లీయాంపియర్లు. ప్లేటుకు మిగిలేది 38.9
- ప్లేటు 324 నుంచి కాథోడ్ 11.2 తీసేస్తే 313 వోల్టులు, 38.9 మిల్లీయాంపియర్లు: దాదాపు 12.2 వాట్లు

ఈఎల్84 ప్లేటు భరించేది 12 వాట్లు. 130 ఓమ్‌ల లెక్క 300 వోల్టుల దగ్గర వాడేందుకు వేసింది, ఇక్కడ 324 ఉన్నాయి. పాత యాంపులు చాలా ఇలా గీత మీదే నడుస్తాయి, సౌండూ బాగానే ఉంటుంది, ట్యూబులే తొందరగా అరిగిపోతాయి. నేను 150 ఓమ్‌లకు మార్చాను. ఇప్పుడు కాథోడ్ 11.8, ప్లేటు 328, స్క్రీన్ కరెంటు 3.8, ప్లేటు కరెంటు 35.5, అంటే 11.2 వాట్లు. వాయిస్తే తేడా నాకు తెలియలేదు. సరిగ్గా ఒరిజినల్‌లాగే ఉండాలనుకునేవాళ్లు 130 ఉంచుకోవచ్చు, కానీ ట్యూబుల మీద కన్నేసి ఉంచాలి.

దశ 5: చిటపట

పది నిమిషాలు వేడెక్కాక మొదలయ్యేది, తడి కట్టెలు మండుతున్నట్టు. వాల్యూమ్ సున్నాకు తిప్పినా తగ్గదు. కాబట్టి వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్) తర్వాతే ఎక్కడో ఉంది.

1. మొదటి ఈసీసీ83 పీకాను. చిటపట ఉంది.
2. రెండోది పీకాను. ఆగిపోయింది.
3. రెండింటినీ అటూ ఇటూ మార్చి పెట్టాను. తేడా లేదు. ట్యూబ్ కాదు, దాని చుట్టూ ఉన్న భాగాల్లో ఉంది.
4. చెక్క పుల్లతో సాకెట్, టంకాలు తట్టాను. తట్టుకు సంబంధం లేకుండా వస్తోంది. లూజు టంకం కాదు.

ఆ ఈసీసీ83 సాకెట్ 6వ పిన్ (ప్లేటు) మీద మీటర్ పెట్టి ఊరికే చూస్తూ కూర్చున్నాను. 181 వోల్టులు స్థిరంగా ఉండి, చిటపటన్నప్పుడల్లా 169కి దూకి మళ్లీ పైకి. కాథోడ్ మీద 1.35 దగ్గర పెద్దగా కదలిక లేదు, కాబట్టి ట్యూబ్ కరెంటు నిలకడగానే ఉంది. మారుతున్నది ప్లేటుకు వెళ్లే 100 కిలో ఓమ్‌ల కార్బన్ రెసిస్టర్. 1 వాట్ మెటల్ ఫిల్మ్‌ది వేశాను, చిటపట పోయింది. మిగతా ప్లేటు రెసిస్టర్లు స్థిరంగా ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది దొంగో ఎప్పటికీ తెలియదు.

సౌండు పడిపోవడం ఇంకా అప్పుడప్పుడూ వస్తోంది. ఇది నిజానికి మొదట చూడాల్సింది, ఖర్చు లేని పరీక్ష: వెనక ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్ట్ పెట్టెలు తగిలించే జాకుల జత) సెండ్ నుంచి రిటర్న్‌కు ఒక కేబుల్ గుచ్చండి. గుచ్చగానే సౌండు పూర్తిగా వస్తే తప్పు రిటర్న్ జాక్ లోపలి స్విచ్ కాంటాక్టుది, తుప్పు పట్టి ఉంటుంది. ఇక్కడ అదే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్గు పదిహేనుసార్లు గుచ్చి తీశాను, సరిపోయింది.

ఇప్పటికి మొత్తం: 17. కాథోడ్ రెసిస్టర్ ముందే లెక్కలో ఉంది కాబట్టి మళ్లీ కలపలేదు.

దశ 6: ఆఖరి కొలతలు

1 కిలోహెర్ట్జ్ సిగ్నల్, 8 ఓమ్‌ల రెసిస్టర్. ఆసిలోస్కోప్‌లో తరంగం తల చదునవడం మొదలైనప్పుడు 10.7 వోల్టులు. వర్గం చేసి 8తో భాగిస్తే 14.3 వాట్లు. బయాస్ కరెంటు తగ్గించినా 15 వాట్ల యాంపుకు ఇది మంచి అంకె. గంటసేపు నడిపాక కాథోడ్ 11.7, హమ్ 3 మిల్లీవోల్టులే. రెసిస్టర్ పక్కన కొత్త కెపాసిటర్ మీద, ప్లగ్గు పీకి ఖాళీ చేశాక వేలు పెడితే గోరువెచ్చగా ఉంది.

మిగిలిన పని రెండు. ట్రెబుల్ పాట్ తిప్పితే కాస్త గరగర వస్తుంది, క్లీనర్‌తో తగ్గింది గానీ పోలేదు, కొత్త పాట్ రావాలి. ప్రీయాంప్ సప్లైలో ఉన్న మరో 22 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 19 చూపిస్తోంది, లీకేజీ లేదు, ప్రస్తుతానికి అలాగే ఉంచాను. పై మూత బిగించే ముందు దాని లోపలి వైపు ఒక కాగితం అంటించి రాశాను: కాథోడ్ 150 ఓమ్‌లు, 11.8 వోల్టులు, ప్లేటు 328, స్క్రీన్ రిపిల్ 0.32. తర్వాత ఎవరు విప్పినా వాళ్ల మొదటి కొలతను దీనితో పోల్చుకోవచ్చు.